చెవి వదిలేదాకా ఆగే ఇన్‌స్ట్రక్టర్

విశాఖ రుషికొండలో ఒకే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర చాన్నాళ్లుగా స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో సముద్రంలోకి దిగడం, చేస్తున్నాను. కోర్సులు, సర్టిఫికెట్ల సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను. ఆయన్ని ఇంతకాలం వదలకపోవడానికి కారణం ఒక్కటే: కిందికి దిగేటప్పుడు తొందరపెట్టరు.

నాకు సైనస్ ఉంది. నీళ్లలో 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది కాబట్టి, చెవికి అసలు కష్టమంతా ఆ మొదటి కొద్ది మీటర్లలోనే. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతూ, చెవులు సర్దుకున్నాకే దిగాలి. అంతకుముందు వేరేచోట ఒకాయన, నేను చెవి చూపిస్తున్నా జాకెట్ పట్టుకుని కిందికి లాగేశారు. ఫోటోలకు టైమ్ అయిపోతోందట! ఎడమ చెవిలో దూది కుక్కినట్టు చాలా రోజులు బాధపడ్డాను. ఆ కోపం ఇంకా పోలేదు.

ఈయనతో దిగిన కొత్తలో 4 మీటర్ల దగ్గర మళ్లీ అదే చెవి పట్టేసింది. అరచెయ్యి అటూ ఇటూ ఊపి, చెవి వైపు వేలు చూపించాను. వెంటనే లంగరు తాడు పట్టించి, ఒక మీటరు పైకి తెచ్చి ఆపారు. నా ముఖం మీంచి చూపు తిప్పలేదు. గుటక వెయ్యమని తన గొంతు చూపించారు. టిక్కుమని చెవి వదిలింది. మళ్లీ కాస్త దిగాం, మళ్లీ పట్టేసింది. ఈసారి ఎంతకీ వదల్లేదు. ఆయన బొటనవేలు పైకి చూపించారు. నీళ్లలో దానర్థం పైకి పోదామని. పడవెక్కాక నాకు ఏడుపొక్కటే తక్కువ. "రేపు కూడా సముద్రం ఇక్కడే ఉంటుందమ్మా, జలుబు తగ్గాక రండి" అన్నారు. అప్పట్నుంచి నాకు దిగేటప్పుడు టెన్షన్ లేదు. ఎప్పుడు చాలన్నా పైకి తీసుకొస్తారన్న ధైర్యం వచ్చింది.

అయితే ఆ ఓపిక నీళ్లలోనే. ఒడ్డున ఆలస్యంగా వచ్చినవాళ్లను గట్టిగానే కసురుతారు. జనం ఎక్కువైతే కొందరిని అసిస్టెంట్‌కి అప్పగిస్తారు. ఆ అబ్బాయి మంచివాడే గానీ, వెనక్కి తిరిగి చూడకుండా ముందుకు పోతుంటాడు. అందుకే నాతో ఎవరు దిగుతారో ముందే అడుగుతాను. నీళ్లు బాగా మసకగా ఉంటే ఈయన డైవ్ రద్దు చేసేస్తారు. నేను మధురవాడలో ఉంటాను కాబట్టి ఇంటికెళ్లి మరో రోజు వస్తాను. హైదరాబాద్ నుంచి ఒక్కరోజు కోసం వచ్చినవాళ్లకు ఒళ్లు మండుతుంది, అదీ న్యాయమే.

చెవులు ఇట్టే సర్దుకునేవాళ్లకు ఈయన నెమ్మది విసుగనిపించవచ్చు. మా అన్నయ్య అందుకే వేరేచోటికి మారాడు. నేనైతే ఈ సీజన్‌కీ ఇక్కడే, అదీ నాతో ఆయనే దిగే రోజుల్లో మాత్రమే.