బాత్రూం తూములో నీళ్లు దిగకపోతే ఏది మేలు: చెయ్యా, పొడా, యాసిడా?

స్నానం సగంలో ఉండగానే పాదాలు మునిగేంత నీళ్లు నిలుస్తున్నాయంటే చాలా ఇళ్లలో మొదట జరిగే పని ఒకటే. ఎవరో ఒకరు కిరాణా కొట్టుకు పోయి తూములో వేసే పొడి పొట్లం తెస్తారు. మా ఇంట్లోనూ ఏళ్ల తరబడి అదే జరిగింది. పొడి పనిచేయదని నేను అనను, పనిచేస్తుంది. కానీ అన్నీ చేసి చూశాక ఆఖరున ముట్టుకోవాల్సిన వస్తువది. ఆ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది, చెబుతాను. ముందు అక్కడ అడ్డుపడింది ఏమిటో చూడాలి.

జాలీ కింద గిన్నెలాంటి భాగం ఉంటుంది. ప్లంబర్లు దాన్ని నాని ట్రాప్ అంటారు. అందులో సుమారు రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. మురుగు వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఆపేవి ఆ నీళ్లే. చిక్కేమిటంటే, ఆ నీళ్లను నిలిపి ఉంచే వంపే వెంట్రుకలనూ పట్టేసుకుంటుంది. మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. తలంటు రోజున ఒక్కసారే ఎక్కువ ఊడతాయి. వాటికి కొబ్బరి నూనె జిడ్డు, కుంకుడు పిప్పి, సున్నిపిండి తోడవుతాయి. బోరు నీళ్లయితే ఇంకోటి: అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెల్లటి మడ్డి అవుతుంది. బకెట్ అంచున పేరుకునేది అదే. వెంట్రుకలు తాడులా పెనవేసుకుంటే, మిగతావన్నీ ఆ తాడుకు పట్టుకుంటాయి.

అందుకే ఏ పద్ధతినైనా నేను రెండు ప్రశ్నలతోనే తూకం వేస్తాను. అది వెంట్రుకను ఏం చేస్తుంది? ఆ తర్వాత అక్కడ చెయ్యి పెట్టే మనిషిని ఏం చేస్తుంది?

ఏదైనా మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష. జాలీ తీసి, బకెట్ నీళ్లు నేరుగా తూములోకి పోయండి. గబగబా దిగిపోతే లోపల అడ్డేమీ లేదు, జాలీ రంధ్రాలే పూడుకున్నాయి. జాలీ కూడా బాగానే ఉండి మూలన నీళ్లు నిలుస్తుంటే అది నేల వాలు తప్పిన లెక్క, దానికి మేస్త్రి కావాలి. మెల్లగా దిగితే అడ్డు ట్రాప్‌లోనో ఆ వెనక పైపులోనో ఉంది. కమోడ్‌లో నీళ్లు వదిలినప్పుడు ఈ తూములో గుడగుడ శబ్దం వస్తున్నా, వాష్‌బేసిన్, రెండో బాత్రూం కూడా మొరాయిస్తున్నా, గొడవ బయట ఛాంబర్ వైపు ఉంది. అప్పుడు ఇంట్లో ఎన్ని పొట్లాలు వేసినా దండగే.

అడ్డు ట్రాప్‌లో ఉంటే చేత్తో తీయడాన్ని మించినది లేదు. రబ్బరు గ్లౌజులు, పాత స్క్రూడ్రైవర్, టార్చి, ఒక చివర కొక్కెంలా వంచిన గట్టి తీగ ఉంటే చాలు. ఇస్త్రీ బట్టలతో వచ్చే ఇనుప హ్యాంగర్‌ను సాగదీసినా తీగ తయారవుతుంది. జాలీ సిమెంటుతో బిగుసుకుపోయి ఉంటే చుట్టూ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా గీకండి, సుత్తితో కొడితే టైలు పగులుతుంది. చాలా ట్రాపుల్లో లోపల పైకి తీయగలిగే కప్పు ఒకటి ఉంటుంది. దాన్ని తీసి కడగండి. ఆపైన తీగను వంపులోకి దించి, తిప్పుతూ పైకి లాగండి. ఊరికే పొడిస్తే ముద్ద ఇంకా లోపలికి జారుతుంది. మొదటిసారి మా బాత్రూంలో నేను లాగినప్పుడు మూరెడు పొడవు నల్లటి జడలాంటిది బయటికి వచ్చింది. కంపు భరించలేకపోయాను, నిజమే. కానీ పావుగంటలో పని అయిపోయింది, ఆరు నెలలు మళ్లీ చూడాల్సిన అవసరం రాలేదు. తీసిన కప్పును తిరిగి పెట్టడం మాత్రం మరవకండి, లేకపోతే సాయంత్రానికి ఇల్లంతా మురుగు వాసన.

చీపురు పుల్లతో మాత్రం కెలకవద్దు. అది లోపల విరిగి అడ్డంగా ఇరుక్కుంటే, కొత్తగా రాలే ప్రతి వెంట్రుకా దానికే చుట్టుకుంటుంది. ఆన్‌లైన్‌లో, హార్డ్‌వేర్ షాపుల్లో ముళ్లున్న పొడవాటి ప్లాస్టిక్ పట్టీ దొరుకుతుంది. తీగకంటే అది సుళువు, వంపులో బాగా వంగుతుంది. అంతకన్నా లోతుగా ఉన్న అడ్డుకు స్ప్రింగ్ వైర్.

తరువాతి స్థానం నేను పంపుకు, అంటే రబ్బరు గిన్నె ఉన్న ప్లంజర్‌కు ఇస్తాను. అయితే మన ఇళ్లలో అది విఫలమవడానికి ఒక కారణం ఉంది. వాష్‌బేసిన్ నీళ్లు కూడా చాలాచోట్ల ఇదే ట్రాప్‌లోకి వస్తాయి. మీరు ఇక్కడ నొక్కిన గాలి అటు బేసిన్ లోంచి తప్పించుకుంటుంది. బేసిన్ రంధ్రంలో తడిగుడ్డ కుక్కి, రబ్బరు అంచు మునిగేలా నీళ్లు నిలిపి, 15–20 సార్లు నొక్కి లాగితే అప్పుడు తేడా తెలుస్తుంది. జిడ్డు, పిండి మడ్డి దీనికి లొంగుతాయి. వెంట్రుకల తాడు కదులుతుందేగానీ పూర్తిగా పోదు. అందుకే ముందు తీగ, ఆ తర్వాతే పంపు.

వంట సోడా, వెనిగర్ సంగతి చాలామంది అడుగుతారు. నురగ చూస్తే ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. లెక్క వేసి చూడండి: 84 గ్రాముల సోడాతో పూర్తిగా కలవడానికి 60 గ్రాముల అసిటిక్ యాసిడ్ కావాలి. కొట్లో దొరికే వెనిగర్‌లో అది 4 శాతం అటూఇటూ ఉంటుంది కాబట్టి ఒకటిన్నర లీటర్ల వెనిగర్ పోయాలి. మనం పోసే అరకప్పుకు ఏడు గ్రాముల సోడా కూడా కలవదు. క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. వెంట్రుకకు వీసమెత్తు నష్టం జరగదు. హాని లేదు, వాసన కాస్త తగ్గుతుంది, అంతే. దానికంటే గీజర్ వేడినీళ్లు ఒక బకెట్ పోయడం మేలు, నూనె జిడ్డును కరిగిస్తాయి. పొయ్యి మీద మరిగిన నీళ్లు వద్దు. పీవీసీ పైపు 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, అతుకుల దగ్గర వదులవుతుంది.

ఇక పొడి. అది కాస్టిక్ సోడా. నూనెను సబ్బుగా మారుస్తుంది, వెంట్రుకను నిజంగానే తినేస్తుంది. మొదటి ప్రశ్నకు దీని జవాబు గట్టిది. రెండో ప్రశ్న దగ్గరే నేను ఆగిపోతాను.

నాలుగేళ్ల కిందట హైదరాబాద్‌లో మేం అద్దెకున్న ఇంట్లో రాత్రి ఒక పొట్లం వేశాం. దిగలేదు. ఇంకోటి వేశాం. నిలిచిన నీళ్లలో వేసిన ఆ పొడి అడుగుకు చేరి రాయిలా గడ్డకట్టింది. పొద్దున ప్లంబర్ వచ్చాడు. రాత్రి పొడి వేశామని మేం చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాలని తోచలేదు. ఆయన అలవాటుగా ఉత్త చెయ్యి పెట్టాడు. మొదట జారుడుగా ఉందన్నాడు, రెండు నిమిషాలకు మంటన్నాడు. వేళ్ల మీద చర్మం తెల్లబడి ఊడింది. ఆయనకు పదిరోజుల పని పోయింది. డాక్టర్ ఖర్చు మేం పెట్టుకున్నాం, కూలీ ఇచ్చాం. అయినా ఆ చెయ్యి గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

తప్పక పొడి వాడాల్సి వస్తే, ముందు నిలిచిన నీళ్లను మగ్గుతో తోడేయండి. ఒక్క పొట్లమే, ఆపైన కొద్దిగా చన్నీళ్లు. వేడినీళ్లు పోయకూడదు, అది తనంతట తనే మరిగేంత వేడెక్కి పైకి చిమ్ముతుంది. కిటికీ తెరిచి, పిల్లలను దూరంగా ఉంచి, ముఖం తూము మీదకు వంచకుండా వేయండి. వేశాక పంపు కొట్టవద్దు. ఒంటి మీద పడితే కుళాయి కింద కనీసం 15–20 నిమిషాలు ఉత్త నీళ్లతో కడగాలి. నిమ్మరసం, వెనిగర్ రాయకూడదు. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి.

పొడికీ యాసిడ్‌కూ మధ్య ఏది అంటే, యాసిడ్ అసలు వద్దంటాను. సీసాల్లో అమ్మే బాత్రూం యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఉప్పునీళ్ల గారను కరిగిస్తుందేగానీ వెంట్రుకను, నూనెను పెద్దగా ముట్టుకోదు. టైళ్ల మధ్య సిమెంటును మాత్రం తింటుంది, అపార్ట్‌మెంట్లో కింది వాళ్ల కప్పుకు చెమ్మ దిగడానికి అదీ ఒక దారి. దాని ఆవిరికి కుళాయిలు తుప్పుపడతాయి. అన్నిటికన్నా ప్రమాదం, బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదకు తెస్తుంది. పొడి వేసిన తూములో యాసిడ్ పోసినా అంతే, భగ్గున మరిగి మొహం మీదకు ఎగురుతుంది.

తీగ, పంపు రెండూ ఓడిపోతే నేను పొడి దాకా పోకుండా ప్లంబర్‌నే పిలుస్తాను. అతని దగ్గరుండే పొడవాటి స్ప్రింగ్ చేరే చోటికి మన చెయ్యి చేరదు. ఛాంబరో సెప్టిక్ ట్యాంకో నిండి ఉంటే మెషిన్ బండినే పిలవండి, మనిషిని లోపలికి దింపనివ్వకండి. రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడాన్ని 2013 నాటి చట్టమే నిషేధించింది.

ఇప్పుడు మా ఇంట్లో జాలీ మీద సన్నటి స్టీలు మెష్ ఒకటి పెట్టాం. తలంటు అయ్యాక ఎవరి వెంట్రుకలు వాళ్లే కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తాం. నెలకోసారి కప్పు తీసి కడుగుతాం. అయినా ఏడాదికోసారి ఏదో పనికి ఆ ప్లంబరే వస్తాడు. సామాను సంచి కింద పెట్టకముందే అడుగుతాడు, "రాత్రి ఏమన్నా పోసిన్రా అక్కా?" అని.