టార్‌తో ఫైళ్లు వెనక్కి తెచ్చుకోవడం: మూడున్నర స్టార్లు, కారణాలతో

ముందే చెప్పేస్తున్నా, చాలా ఫైళ్లని ఒక్క ఫైలుగా (ఆర్కైవ్‌గా) కట్టి, మళ్లీ విప్పే టార్ అనే ప్రోగ్రామ్‌కి ఐదు స్టార్లలో నేనిచ్చేది మూడున్నర. మిగతా ఒకటిన్నర ఎక్కడ కోశానో చెప్పడానికే ఇదంతా. బ్యాకప్ టూల్స్ మీద ఏ రివ్యూ చదివినా ఎంత వేగంగా ఆర్కైవ్ కట్టింది, ఎంత జాగా మిగిల్చింది అనే గోలే. పోయిన ఫైలు వెనక్కి తెచ్చుకోవాల్సిన రాత్రి అది మనతో ఎలా ఉంటుందో ఎవరూ రాయరు. నాకు కావాల్సింది అదొక్కటే. బ్యాకప్ అంటే క్రాన్ (చెప్పిన టైముకి పనులు తానే నడిపే ప్రోగ్రామ్) తీసి పెడుతుంది, ఆ టైముకి నేను నిద్రలో ఉంటాను. రీస్టోర్, అంటే వెనక్కి తేవడం, మాత్రం నేనే చేయాలి, అదీ వెనకాల ఇద్దరు నిలబడి "అయిందా, అయిందా" అంటుంటే.

దీని పుట్టుక గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గుణాలూ దోషాలూ అన్నీ అక్కడి నుంచే వచ్చాయి. 1979లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్‌తో వచ్చిన ప్రోగ్రామ్ ఇది, టేప్ ఆర్కైవ్ అనే మాటని కుదిస్తే టార్. టేపంటే పాత క్యాసెట్ లాంటిదే, నాలుగో పాట కావాలంటే తిప్పుకుంటూ పోవాల్సిందే. ఆర్కైవ్ లోపల కూడా అదే వరస: 512 బైట్ల హెడర్ (ఫైలు పేరూ వివరాలూ ఉండే ముక్క), వెనకాలే ఫైలు, మళ్లీ హెడర్, మళ్లీ ఫైలు, చివర్లో రెండు ఖాళీ బ్లాకులు. విషయసూచిక అనేది ఎక్కడా లేదు. జీజిప్ అనే ప్రోగ్రామ్‌తో కుదించిన 300 జీబీ ఆర్కైవ్‌లోంచి 2 కేబీ ఫైలు ఒక్కటి కావాలన్నా మొదటి నుంచి విప్పుకుంటూ రావాలి. పోనీ దొరికాక ఆగుతుందా అంటే ఆగదు, అదే పేరుతో ఇంకా కొత్త కాపీ వెనకెక్కడో అతికించి ఉందేమోనని చివరిదాకా వెళ్తుంది. లినక్స్‌లో మామూలుగా ఉండే గ్నూ టార్‌లో అకరెన్స్ అని ఒక ఆప్షన్ ఉంది, అది ఇస్తే మొదటిది దొరకగానే బయటికొస్తుంది. ఈ సంగతి నాకు చాలా ఏళ్లు తెలియదు, ఆ ఏళ్లలో ఎన్ని గంటలు ఊరికే స్క్రీన్ చూస్తూ కూర్చున్నానో లెక్క లేదు.

ఇంకో చిరాకు పేర్లతో. బ్యాకప్ తీసేటప్పుడు టార్ ఫైలు దారి (పాత్) మొదట్లో ఉన్న స్లాష్ తీసేస్తుంది, ఇది మంచికే. కానీ వెనక్కి తీసేటప్పుడు మనం అలవాటుగా స్లాష్‌తో మొదలుపెట్టి పూర్తి దారి ఇస్తాం, అది "ఆర్కైవ్‌లో లేదు" అంటుంది. ఆ ఒక్క లైను చూసి బ్యాకప్పే లేదనుకుని చెమటలు పట్టిన వాళ్లు నాకు తెలుసు (ఒకసారి నాకే పట్టాయి). ఎవరో డైరెక్టరీలోకి వెళ్లి చుక్క (ఇప్పుడున్న డైరెక్టరీ అని అర్థం) పెట్టి ఆర్కైవ్ కట్టి ఉంటే ప్రతి పేరు ముందూ చుక్క, స్లాష్ ఉంటాయి, అప్పుడు అవి కూడా రాయాలి. కాబట్టి ముందు టి ఆప్షన్‌తో జాబితా తీసి ఒక ఫైల్లో పెట్టుకోండి, అందులో వెతికి, పేరు ఉన్నదున్నట్టు కాపీ చేసి ఇవ్వండి. ఇక్కడ పావు స్టార్ కోశాను.

ఇప్పుడు అసలు కోత. మా టీంలో ఒకతను ఈటీసీ (సిస్టమ్ సెట్టింగులు ఉండే డైరెక్టరీ) కింద ఒక కాన్ఫిగ్ ఫైలు పొరపాటున తుడిచేశాడు. నేను పెద్ద మనిషిలా "నేను చూస్తాలే" అని రాత్రి బ్యాకప్ తీసి, ఒక్క ఫైలు కోసం ఎక్కడ వెతుకుతాంలే అని, ఆ డైరెక్టరీ మొత్తం నేరుగా దాని స్థానంలోకే విప్పేశాను. టార్ ఒక్క మాట అడగలేదు. ఉన్న ఫైళ్ల మీద పాతవి రాసుకుంటూ పోయింది, ఆ రోజు పొద్దుట్నుంచి ముగ్గురు చేసిన మార్పులన్నీ గాలికి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, పోయింది ఒక ఫైలైతే నేను పోగొట్టినవి పదకొండు. దీన్ని ఆపే ఆప్షన్లు లేక కాదు: కీప్ ఓల్డ్ ఫైల్స్ అంటే ఉన్న ఫైలు ముట్టుకోకుండా ఎర్రర్ ఇస్తుంది, స్కిప్ ఓల్డ్ ఫైల్స్ అంటే చప్పుడు చేయకుండా దాటేస్తుంది, కీప్ న్యూయర్ ఫైల్స్ అంటే ఆర్కైవ్‌లో ఉన్నదానికంటే కొత్తవి అయితే వదిలేస్తుంది. అన్నీ ఉన్నాయి, మనం అడగాలి. అడగకపోతే అతి ప్రమాదకరమైన పనినే మామూలు పనిలా చేస్తుంది, ఇది నాకు నచ్చదు. అప్పటి నుంచి ఎంత తొందరున్నా సరే, ముందు ఖాళీ డైరెక్టరీ ఒకటి చేసి, పెద్ద సి ఆప్షన్‌తో అందులోకి విప్పి, డిఫ్ కమాండ్‌తో తేడాలు చూసుకుని, కావాల్సింది మాత్రమే అసలు చోటికి తీసుకెళ్తాను. ముప్పావు స్టార్ ఇక్కడ పోయింది.

ఫైళ్ల ఓనర్ల సంగతి ఇంకా దొంగది, వెంటనే కనపడదు. డిస్కు మొత్తం పోయి, రెస్క్యూ యూఎస్‌బీతో బూట్ చేసి సిస్టమ్ అంతా వెనక్కి పోస్తున్నారనుకోండి. టార్ ప్రతి ఫైలుకీ ఓనర్ పేరూ నంబరూ రెండూ దాచుకుంటుంది, రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) విప్పేటప్పుడు ముందు పేరునే నమ్ముతుంది. ఆ పేరుకి రెస్క్యూ సిస్టమ్‌లో నంబరు వేరే ఉంటే ఆ వేరే నంబరే డిస్కు మీద పడుతుంది. అంతా బాగానే విప్పుకున్నట్టు కనిపిస్తుంది, బూట్ కూడా అవుతుంది, తర్వాత మెయిల్ సర్వీసు తన సొంత ఫైళ్లు తానే చదవలేక కూలబడుతుంది. విరుగుడు న్యూమరిక్ ఓనర్ అనే ఆప్షన్, పేర్లు పట్టించుకోకుండా నంబర్లే వాడుతుంది. ఏసీఎల్స్, ఎస్‌ఈలినక్స్ లేబుల్స్ (ఫైలు ఎవరు ముట్టుకోవచ్చో చెప్పే అదనపు గుర్తులు) వాడేవాళ్లైతే వాటి ఆప్షన్లు బ్యాకప్ తీసేటప్పుడూ ఇవ్వాలి, విప్పేటప్పుడూ ఇవ్వాలి. ఒక వైపే ఇచ్చి రెండో వైపు మర్చిపోవడం మామూలే.

ఇంక్రిమెంటల్ (కిందటిసారి తర్వాత మారినవి మాత్రమే తీసే బ్యాకప్) వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. లిస్టెడ్ ఇంక్రిమెంటల్ అనే ఆప్షన్‌తో తీసినవాటిని మొదటి పూర్తి బ్యాకప్ నుంచి మొదలుపెట్టి వరసగా విప్పాలి, స్నాప్‌షాట్ ఫైలు (ఏవేం తీసిందో రాసుకునే చిట్టా) స్థానంలో డెవ్ నల్ (ఖాళీ ఫైలు లాంటిది) ఇస్తే చాలు. కానీ ఇలా విప్పేటప్పుడు, బ్యాకప్ తీసిన రోజున ఆ డైరెక్టరీలో లేని ఫైళ్లు ఇప్పుడు ఉంటే వాటిని తుడిచేస్తుంది. ఆ రోజున డైరెక్టరీ ఎలా ఉందో అలాగే నిలబెట్టడం దాని ఉద్దేశం, తర్కం సరైనదే, కానీ రీస్టోర్ అనే పని ఫైళ్లు డిలీట్ చేస్తుందని ఎవరు ఊహిస్తారు? పావు స్టార్ దీనికి.

ఆర్కైవ్ చెడిపోతే? ఇక్కడ టార్‌ని మెచ్చుకోవాలి. కుదించని టార్‌లో మధ్యలో ఒక ముక్క పాడైతే ఆ ఫైలు వదిలేసి తర్వాతి హెడర్ వెతుక్కుని ముందుకు వెళ్తుంది. అదే మొత్తాన్ని జీజిప్ చేసి ఉంటే పాడైన చోటు తర్వాతదంతా దాదాపు పోయినట్టే. బీజిప్ 2 అనే ఇంకో కుదింపు ప్రోగ్రామ్ గరిష్ఠంగా 900 కేబీ బ్లాకులుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి, దానితో వచ్చే రికవర్ ప్రోగ్రామ్ బాగున్న బ్లాకుల్ని ఏరి ఇస్తుంది, ఒకసారి దానితో సగం పైగా బయటపడ్డాను. మిగతా పావు స్టార్ మాత్రం టార్‌కి సొంతంగా ఫైలు లోపలి డేటాకి చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో చెప్పే లెక్క) లేనందుకు. హెడర్‌కే ఉంది, లోపల ఒక బిట్ తిరగబడినా దానికి తెలియదు.

పోలిక కోసం మిగతావి. పాత డంప్, రీస్టోర్ అనే బ్యాకప్ ప్రోగ్రాముల జంటలో రీస్టోర్‌కి ఇంటరాక్టివ్ మోడ్ ఉంది, బ్యాకప్ లోపల డైరెక్టరీల్లో తిరుగుతూ కావాల్సినవి యాడ్ చేసుకుని చివర్లో ఎక్స్‌ట్రాక్ట్ అనొచ్చు. ఇంత హాయి టార్‌లో లేదు. ఆఖర్లో మాత్రం "చుక్కకి ఓనర్, మోడ్ పెట్టమంటారా" అని అడుగుతుంది, తెలియక అవునంటే మీరున్న డైరెక్టరీ పర్మిషన్లు మారిపోతాయి. మీరున్నది అన్ని ప్రోగ్రాములూ వాడుకునే టెంప్ డైరెక్టరీ అయితే కాసేపట్లో మిగతా ప్రోగ్రాములు ఒక్కొక్కటే అరుస్తాయి. వద్దనండి.

రెస్టిక్, బోర్గ్ అనే బ్యాకప్ టూల్స్ ఈ తరం పిల్లలు. రెండింట్లోనూ మౌంట్ ఉంది, ఏ తేదీ స్నాప్‌షాట్‌నైనా (ఆ రోజు బ్యాకప్‌నైనా) మామూలు డైరెక్టరీలా తెరిచి సీపీ కమాండ్‌తో కాపీ చేసుకోవచ్చు, ఒక్క ఫైలు కావాల్సినప్పుడు దీనికి మించింది లేదు. డేటాకి హ్యాష్‌లు (చెక్‌సమ్ లాంటివే) ఉంటాయి కాబట్టి పాడైతే చెక్‌లో దొరుకుతుంది, అయితే రెస్టిక్ మామూలు చెక్ డేటా మొత్తం చదవదు, రీడ్ డేటా అని అడగాలి. చిక్కల్లా ఎన్‌క్రిప్షన్ తాళంతో. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే బ్యాకప్ పోయినట్టే. బోర్గ్‌లో కీఫైల్ పద్ధతి ఎంచుకుంటే తాళంచెవి మీ హోమ్ డైరెక్టరీలోనే ఉంటుంది, అంటే పోయిన డిస్కు మీదే, ఎక్స్‌పోర్ట్ చేసి వేరేచోట దాచకపోతే ఇంట్లో తాళంచెవి పెట్టి తలుపేసుకున్నట్టు. టార్‌కి ఈ గొడవ లేదు. ఏ రెస్క్యూ సిస్టమ్ తెరిచినా, ఆఖరికి బిజీబాక్స్ అనే చిన్న కమాండ్ల మూటలో కూడా, టార్ ఉంటుంది. ఇరవై ఏళ్ల నాటి ఆర్కైవ్‌ని ఇప్పటికీ విప్పుతుంది. ఆ మూడున్నర స్టార్లలో సగం దీనికే.

టూల్ ఏదైనా ముందు విప్పి చూడకపోతే అంతే సంగతులు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ (కోడ్ దాచుకునే సైట్) వాళ్ల ప్రొడక్షన్ డేటాబేస్ పొరపాటున తుడిచిపెట్టుకుపోయినప్పుడు, వెర్షన్ తేడా వల్ల వాళ్ల డేటాబేస్ డంప్ (డేటా కాపీ తీసే పని) ఎప్పట్నుంచో ఫెయిల్ అవుతోందని, ఆ ఫెయిల్యూర్ మెయిల్స్ కూడా ఎవరికీ అందలేదని అప్పుడు బయటపడింది. అంతకు ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిన స్నాప్‌షాట్ వాళ్లని కాపాడింది. వాళ్లే స్వయంగా అన్నీ రాసి బయటపెట్టారు, అందుకు మెచ్చుకోవాలి.

అది చదివాక నేను నెలకోసారి ఏదో ఒక ఆర్కైవ్‌ని ఖాళీ మెషీన్ మీద విప్పి చూస్తున్నాను. కిందటి నెల డేటాబేస్ వంతు వచ్చింది. ఫైళ్లన్నీ వచ్చాయి, సైజులు సరిపోయాయి, డేటాబేస్ మాత్రం లేవలేదు. నడుస్తున్న డేటాబేస్ డైరెక్టరీనే నేరుగా టార్ చేస్తున్నానట ఇన్నాళ్లూ, సగం ఫైళ్లు ఒక క్షణానివి, సగం ఇంకో క్షణానివి. "చదువుతుండగా ఫైలు మారింది" అని టార్ రోజూ క్రాన్ మెయిల్లో చెబుతూనే ఉంది, ఆ మెయిల్స్‌ని నేనే ఫిల్టర్ పెట్టి ఒక ఫోల్డర్లోకి తోశాను. దానికి మాత్రం టార్‌కి స్టార్ కోయలేదు.