ఏడేళ్లు, ఏడు సింథటిక్ ఆయిల్ ఫిల్టర్లు

మా హోండా సీఆర్‌వీ 2012 మోడల్. 2018 అక్టోబరులో, ఓడోమీటరు 83,000 మైళ్ల దగ్గర ఉండగా, కాగితం ఫిల్టర్లు మానేసి సింథటిక్‌కి మారాను. ఇప్పుడు 1,74,000. ఆయిల్ ఆరేడు వేల మైళ్లకోసారి మారుస్తాను, ఫిల్టర్ మాత్రం ఏడాదికొకటే, చలి ముదరకముందే. మేముండేది మిన్నెసోటాలో. మైనస్ 20 ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో మైనస్ 29 చలికి పొద్దుటి నుంచీ ఆఫీసు బయట గడ్డకట్టిన బండిని సాయంత్రం స్టార్ట్ చేయాల్సిన రోజులుంటాయి ఇక్కడ.

ఒక ఫిల్టర్‌తో రెండుసార్ల ఆయిల్ లాగించడం నా సొంత తెలివేం కాదు. ఈ బండి డాష్‌బోర్డు మీద ‘ఏ’ పడితే ఆయిల్ ఒక్కటే, ‘బీ’ పడితే ఫిల్టర్ కూడా మార్చమని. అయినా నాకు మనసొప్పక ప్రతిసారీ రెండూ మార్చేవాణ్ని. కారణం, బండి కొన్నప్పుడు పాత ఓనరు వేసి ఉంచిన కాగితం ఫిల్టర్. సరదాకి కట్టర్‌తో డబ్బా కోసి చూశాను. మడతలు ఒకదానికొకటి అతుక్కుని వంకర్లు తిరిగాయి. ఒక మడతని వేళ్లతో వంచితే అప్పడంలా విరిగింది.

2019లో తీసిన మొదటి సింథటిక్‌నీ అలాగే కోశాను. అప్పటికది 13,000 మైళ్లు తిరిగింది. మడతలు లాగితే హార్మోనియం తిత్తిలా సాగాయి. నిండా నలుపే, కానీ తడిగుడ్డలా మెత్తగా ఉంది, ఎంత వంచినా చిరగలేదు. తేడా పోగులోనే ఉంది. కాగితంలో ఉండేవి చెట్టు నుంచి వచ్చిన సెల్యులోజ్ పోగులు, లావుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. వాటిని పట్టి ఉంచే రెసిన్ వేడికి పెళుసెక్కుతుంది. చలికాలంలో దగ్గరి దగ్గరి ప్రయాణాల వల్ల ఆయిల్‌లో చేరే తేమకి కాగితం ఉబ్బుతుంది కూడా. సింథటిక్‌లోవి పాలిస్టర్, గాజు పోగులు. గాజు పోగు మందం కొద్ది మైక్రాన్లే (తలవెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది). పోగు సన్నబడితే అంతే జాగాలో ఎక్కువ సందులు పడతాయి. మురికి పైపైనే పేరుకోకుండా లోపలి పొరల్లోకీ సర్దుకుంటుంది, ఆయిల్ సులువుగా పారుతుంది. చలికి చిక్కబడ్డ ఆయిల్ ఫిల్టర్‌లోంచి దూరలేకపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని వడకట్టకుండానే ఇంజనుకి పంపేస్తుంది. మా ఊరి చలికి నాకు కావలసింది ఆ వాల్వు తక్కువసార్లు తెరుచుకోవడం.

ఆ ఏడాది నాన్న వచ్చి ఉన్నారు. తెనాలి దగ్గర ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపిన మనిషి. కోసిన ముక్కని వేళ్ల మధ్య నలిపి చూసి, “ఏరా, చెక్కుచెదరలేదుగా, డీజిల్లో కడిగి మళ్లీ బిగించకూడదూ?” అన్నారు. లోపలి పొరల్లో ఇరుక్కున్నది కడిగితే రాదని చెప్పాను. ధర పన్నెండు డాలర్లని మాత్రం చెప్పలేదు.

ఇక డబ్బా మీద రాసేవాటి సంగతి. 20 మైక్రాన్ల రేణువుల్లో 99 శాతం పడుతుందని, ఐఎస్‌ఓ 4548-12 అనే అంతర్జాతీయ ప్రామాణిక పరీక్ష ప్రకారమని ఉంటుంది. మంచి అంకే, కానీ ఆయిల్ తెల్లగా ఉంటుందని ఆశ పడకండి. రంగు మార్చే మసి ఒక మైక్రాన్ కంటే చిన్నది, అది హాయిగా దాటిపోతుంది. వాడిన ఆయిల్‌ని రెండుసార్లు ల్యాబ్‌కి పంపాను, కాగితం రోజుల్లో ఒకసారి, తర్వాత ఒకసారి. ఇంజను ఎంత అరుగుతోందో చెప్పే ఇనుము దాదాపు అంతే వచ్చింది. నిజానికి ఆ మామూలు పరీక్ష సుమారు 5 మైక్రాన్లు దాటిన రేణువుల్ని సరిగా లెక్కించలేదు. ఫిల్టర్ పనితనం తెలియాలంటే రేణువుల లెక్క విడిగా చేయించాలి. అది నేను చేయించలేదు, కాబట్టి ఇంజను బాగుండటానికి కారణం ఇదేనని ఒట్టేసి చెప్పను.

దెబ్బ తిన్నది 2020లో. ఏడాదంతా కదలకుండా ఉన్న ఫిల్టర్ రబ్బరు వాషరు ఇంజనుకే అతుక్కుపోయింది. చూసుకోకుండా దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించాను. స్టార్ట్ చేసిన అరనిమిషానికి గరాజ్ నేలంతా 0డబ్ల్యూ-20 ఆయిలే. పిల్లుల లిట్టరు (వాటి మరుగుదొడ్డిలో పోసే, తడి పీల్చే మట్టి) రెండు బస్తాలు చల్లి ఎత్తాను. మా ఇంట్లో పిల్లి లేదు. తప్పు నాదే, కానీ ఫిల్టర్‌ని ఎక్కువకాలం ఉంచేవాళ్లు పాత వాషరు ఊడి వచ్చిందో లేదో వేలితో తడిమి చూసుకోవాలి.

2022లో తీసినదాంట్లో మడతల వెనక ఆనించే తీగ జల్లెడ లేదు. మడతలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా ఉన్నాయి. అదే డబ్బా, అదే పార్ట్ నంబరు, ధర మాత్రం రెండు డాలర్లు ఎక్కువ. ఒక్క ముక్క చెప్పకుండా సరుకు మార్చేశారు. బ్రాండు మార్చాను.

ఐదు వేల మైళ్లకే ఆయిల్, ఫిల్టర్ కలిపి మార్చే అలవాటున్నవాళ్లకి మంచి కాగితం ఫిల్టర్ చాలు, ఈ డబ్బు దండగ. నాలా ఏడాదంతా ఉంచేవాళ్లకి, చలి ప్రాంతంవాళ్లకి పనికొస్తుంది. ఈ అక్టోబరుకి ఎనిమిదోది కొని పెట్టాను. డబ్బా విప్పగానే మధ్య రంధ్రంలోకి టార్చి వేసి చూశాను, జల్లెడ ఉంది.