ఒంగోల్లో కూర్చుని ఎమ్డెన్ ఓడను వెతికాను: ట్రోవ్ వాడాక నా మాట

ముందు అసలు సంగతి చెప్పేస్తా. ట్రోవ్ అనేది ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే వెబ్‌సైట్, 2009 నుంచి ఉంది, అక్కడి పాత పత్రికలు స్కాన్ చేసి పెట్టారు, పైసా కట్టక్కర్లేదు, కార్డు నంబరు అడగరు, ఒంగోలు నుంచి కూడా హాయిగా తెరుచుకుంటుంది. పాత ఓడల పిచ్చి ఉన్నవాళ్ళు ఈ నాలుగు ముక్కలు చదివి అటు వెళ్ళిపోయినా నాకేం ఇబ్బంది లేదు. మిగతాదంతా నేను దీంట్లో ఎలా పడ్డాను, ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ మనకు అక్కరకు రాదు అనే సొద.

నేను రొయ్యల మేత అమ్మే షాపులో లెక్కలు రాస్తాను. చరిత్ర చదివినవాణ్ణి కాదు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులొస్తే కొత్తపట్నంలో అమ్మమ్మ ఇంటికి పోయేవాళ్ళం. కరెంటు పోయినప్పుడల్లా అమ్మమ్మ ఒకటే కథ. వాళ్ళ నాయన మద్రాసు హార్బర్లో పనిచేసేవాడట, ఒక రాత్రి జర్మనీ ఓడ చీకట్లో వచ్చి గుండ్లు కురిపించి, నూనె ట్యాంకులు తగలబెట్టి, తెల్లారేలోపు మాయమైందట. దాని పేరు ఎమ్డెను. నేను వంటింట్లో చక్కిలాలు కాజేసి దొరక్కపోతే 'వీడొక ఎమ్డెను గాడు' అనేది. కథ చివర్లో ఇంగ్లీషోళ్ళు ఆ ఓడను చుట్టుముడతారు, అది నడిసముద్రంలో మునిగిపోతుంది, కెప్టెను సెల్యూట్ కొడుతూ ఓడతోపాటే కిందికి పోతాడు. ఇంకోటి, ఆ ఓడలో మనవాడొకడు దాక్కుని ఉన్నాడట, జనం ఇళ్ళ మీద గుండ్లు పడకుండా గురి చెప్పింది వాడేనట. నేనైతే ఆ ఓడ మా కొత్తపట్నం ఎదురుగానే మునిగిందని పదో తరగతి దాకా నమ్మాను. అలలు వెనక్కి పోయేటప్పుడు నీళ్ళు తేటపడితే కనపడుతుందేమో అని చూసేవాణ్ణి కూడా.

అమ్మమ్మ పోయి పదేళ్ళయింది. పోయిన ఏడాది తుపానుకి రెండు రోజులు షాపు మూసేశారు, ఇంట్లో ఊరికే కూర్చుని ఫోన్లో ఎమ్డెన్ అని కొట్టాను. వీడియోలు వచ్చాయి, ఒక్కో వీడియోలో ఒక్కో కథ. ఒకడు 125 గుండ్లంటాడు, ఇంకొకడు మద్రాసు సగం తగలబడిందంటాడు. ఇట్లా కాదు, ఆ రోజుల్లో పేపర్లో ఏం రాశారో చూద్దాం అనుకున్నా. ఎమ్డెన్‌ను దెబ్బతీసింది ఆస్ట్రేలియా ఓడే కాబట్టి ట్రోవ్ దగ్గరికి చేరాను.

చేరగానే చేసిన తెలివితక్కువ పని ఏందంటే, ఎమ్డెన్‌ను కొట్టిన ఓడ పేరు సిడ్నీ అని తెలిసి ఆ పేరు పెట్టి వెతికాను. ఆస్ట్రేలియా పేపర్లలో సిడ్నీ అని వెతకడం అంటే మన పేపర్లలో హైదరాబాద్ అని వెతకడమే. పెళ్ళి ప్రకటనలు, గొర్రెల ధరలు, గుర్రప్పందాలు, అన్నీ వచ్చాయి, ఓడ తప్ప. పైగా సిడ్నీ అనే పేరుతో యుద్ధనౌకలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఎమ్డెన్‌ను కొట్టింది మొదటిది. రెండోది 1941 నవంబర్‌లో కోర్మొరాన్ అనే జర్మన్ ఓడతో పోరాడి 645 మందితో సహా మునిగిపోయింది, ఒక్కడూ బతకలేదు, ఎక్కడుందో 2008 మార్చి దాకా దొరకలేదు. నేను ఒక రాత్రంతా ఈ రెండూ ఒకటే అనుకుని చదివి, గెలిచిన ఓడ ఎట్లా మునిగిందిరా అని బుర్ర గోక్కున్నాను. కాబట్టి వెతికేటప్పుడు పక్కన దశాబ్దం, సంవత్సరం, నెల ఎంచుకునే ఏర్పాటు ఉంటుంది, మొదట దాన్ని నొక్కండి. 1914 నవంబర్ అని పెట్టి ఎమ్డెన్ అని కొట్టాక గాని నా పని దారిలో పడలేదు.

ఇక అక్కడి నుంచి నాకు నిద్ర లేదు. మద్రాసు మీద దాడి మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 సెప్టెంబర్ 22 రాత్రి, తొమ్మిదిన్నర ప్రాంతంలో. తగలబడింది బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు, అంటే అమ్మమ్మ చెప్పిన నూనె ట్యాంకులు నిజమే. మద్రాసు సగం తగలబడలేదు. చనిపోయినవాళ్ళు పదుల్లో కూడా లేరు, కానీ భయంతో ఊరు వదిలి పరుగెత్తినవాళ్ళు వేలల్లో. ఆ ఓడ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ పట్టుకున్న సరుకు ఓడల్లో మనుషుల్ని ముందు దించేసి, ఆ తర్వాతే ఓడను ముంచేవాడు, అందుకని శత్రువులే అతణ్ణి మెచ్చుకున్నారు. మూడు పొగగొట్టాల ఓడకి ఉత్తుత్తి నాలుగో గొట్టం తగిలించి ఇంగ్లీషు ఓడలాగా నటించేవాడట. నా దొంగతనాలకి అమ్మమ్మ పెట్టిన పేరు సరిగ్గా సరిపోయిందని అప్పుడర్థమైంది.

చివరి సంగతే నన్ను బాగా కుదిపింది. ఎమ్డెన్ మునగలేదు! 1914 నవంబర్ 9న హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవుల్లో తంతి ఆఫీసును పాడుచేద్దామని యాభై మంది దాకా దించారు, ఆ ఆఫీసువాళ్ళు అంతకు ముందే తంతి కొట్టేశారు, దగ్గర్లో సైనికుల ఓడలకు కాపలాగా పోతున్న సిడ్నీ వచ్చేసింది. సిడ్నీ ఫిరంగులు పెద్దవి, ఎమ్డెన్ తట్టుకోలేకపోయింది. ఓడ మునిగితే అందరూ పోతారని ముల్లర్ తనే దాన్ని నార్త్ కీలింగ్ అనే దీవి రాళ్ళ మీదికి ఎక్కించేశాడు. ఎమ్డెన్‌లో 130 మందికి పైగా చనిపోయారు, సిడ్నీలో నలుగురు. ముల్లర్ సెల్యూట్ కొడుతూ మునగలేదు, ఖైదీగా మాల్టా పోయి, యుద్ధం ముగిసే ముందు 1918లో ఇంటికి చేరి, 1923లో పోయాడు. ఓడ దశాబ్దాల తరబడి ఆ రాళ్ళ మీదే తుప్పు పట్టింది, 1950లలో జపాన్ కంపెనీ ఒకటి వచ్చి ఇనుము కోసుకుపోయింది. నేను కొత్తపట్నం నీళ్ళలో వెతికిన ఓడ చివరికి పాత ఇనుప సామాను కింద పోయింది. దాని ఫిరంగి ఒకటి మాత్రం సిడ్నీ నగరంలో హైడ్ పార్కులో పెట్టారు.

దీవిలో దిగిన ఆ యాభై మంది సంగతి వేరే సినిమా. ఆయేషా అనే పాత తెరచాప పడవ కాజేసి, ఫాన్ మ్యూకె అనే ఆఫీసరు వెంట అరేబియా మీదుగా కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) చేరారు. తంతి ఆఫీసు స్తంభం కూల్చేటప్పుడు మా టెన్నిస్ కోర్టు మీద పడకుండా చూడండి బాబూ అని అక్కడి గుమాస్తాలు అడిగితే సరేనని పక్కకి పడగొట్టారట. ఇట్లాంటివి వీడియోల్లో ఎవడూ చెప్పడు.

మనవాడు ఓడలో ఉన్నాడన్న కథ మాత్రం పోయింది. జనం చెప్పుకునే ఆ మనిషి చెంపకరామన్ పిళ్ళై, నిజంగానే పెద్ద విప్లవకారుడు, కానీ 1914లో ఆయన ఉన్నది యూరప్‌లో, ముందు జ్యూరిచ్, తర్వాత బెర్లిన్. అమ్మకి చెప్తే 'పోనీలే, అమ్మమ్మ ముందర అనకపోయావు' అంది.

ఇప్పుడు సైట్ సంగతి. పేజీ ఫొటో ఒక పక్క, మెషిన్ చదివిన అక్షరాలు ఒక పక్క ఉంటాయి. వందేళ్ళ నాటి మసక అచ్చు కాబట్టి మెషిన్ తప్పులు చదవడం మామూలే, ఎమ్డెన్ అన్నది ఇంకేదో పదంగా పడితే వెతుకులాటలో దొరకదు, అందుకని ముల్లర్ అనో కోకోస్ అనో కీలింగ్ అనో కూడా వెతకాలి. ఆ తప్పుల్ని మనమే సరిదిద్దవచ్చు, సరిదిద్దింది వెంటనే అందరికీ కనపడుతుంది. ఇదొక వ్యసనం, ముందే హెచ్చరిస్తున్నా. మేత బస్తాల లెక్క తేడా వచ్చినప్పుడు కూడా నేనింత శ్రద్ధగా కూర్చోలేదు. ఒంగోలు మనిషి 1914 సిడ్నీ పేపరుకి ప్రూఫులు దిద్దుతున్నాడంటే మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పి నవ్వింది. కావాల్సినవి పీడీఎఫ్‌గా దించుకోవచ్చు, జాబితాగా పెట్టుకోవచ్చు. నేను దించుకుని మా వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించి స్పైరల్ వేయించా. 'ఏందన్నా, గ్రూప్ వన్నా?' అన్నాడు ఆ పిల్లోడు. ఓడ అన్నా. వాడు ఇంకేం అడగలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. పాత పేపరు కాబట్టి నిజమే రాసుంటుంది అనుకోకండి, నేనూ అట్లాగే పడ్డా. టైటానిక్ 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున మునిగితే, అందరూ క్షేమం, ఓడను లాక్కొస్తున్నారు అని అచ్చేసిన పత్రికలున్నాయి, అప్పటికే 1500 మంది దాకా పోయారు. మొదటి రోజు వార్త చదివి ఆపొద్దు, కనీసం నెల రోజుల పేపర్లు వరసగా చదవాలి. విచారణ రికార్డులు దొరికితే ఇంకా మేలు. టైటానిక్ మీద లండన్ విచారణలో 25 వేలకు పైగా ప్రశ్నలడిగారు, అదీ అమెరికా సెనేట్ విచారణా ఇప్పుడు నెట్లో ఉచితంగా చదువుకోవచ్చు. సెనేట్ వాళ్ళు పైన కాపలా ఉన్న ఫ్రెడ్ ఫ్లీట్‌ని, బైనాక్యులర్స్ ఉంటే మంచుకొండ ఎంత ముందు కనపడేది అనడిగితే, తప్పుకునేంత ముందు అన్నాడు. ఆ ఒక్క జవాబు చదివి లైటార్పి పడుకున్నా గాని నిద్ర పట్టలేదు.

డబ్బులు కట్టే సైట్లు కూడా చూశాను. ఒకదానికి, పేరు వద్దులెండి, ఏడు రోజులు ఉచితం అంటే కార్డు ఇచ్చాను. ఆరో రోజే ఆపేయమని నొక్కాను, అయినా ఎనిమిదో రోజు రెండు వేల చిల్లర కోసేశారు, మరుసటి నెల మళ్ళీ కోశారు. మెయిల్ పెడితే తొమ్మిది రోజులకి జవాబు, అది కూడా మీ సహనానికి ధన్యవాదాలు అని. నాకు సహనం ఉందని వాళ్ళకెవరు చెప్పారో. చివరికి బ్యాంకులో చెప్పి ఆ కార్డే ఆపించుకున్నా. అంత కట్టి దాంట్లో నాకు కొత్తగా దొరికింది ఒకే ఒక్క ఫొటో. ఏ సైటైనా సరే, ఉచితం అని కార్డు అడిగితే క్యాలెండర్లో అలారం పెట్టుకోండి.

ట్రోవ్‌లో మనకు లోటనిపించేవి ఉన్నాయి. ఎక్కువ పత్రికలు 1954 దాకానే, కాన్‌బెర్రా టైమ్స్ లాంటివి కొన్ని మాత్రం ముందుకు వస్తాయి, 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి చూడాలనుకునేవాళ్ళకి అవే ఆసరా. యుద్ధకాలం వార్తలకి సెన్సార్ కత్తెర పడింది కాబట్టి 1942 ఏప్రిల్‌లో జపాన్ ఓడలు మన బంగాళాఖాతంలో కొద్ది రోజుల్లోనే 20కి పైగా సరుకు ఓడలు ముంచి, 6వ తేదీన విశాఖ, కాకినాడ మీద బాంబులేసిన సంగతి ఆ రోజు పేపర్లో చదివితే ముక్కలు ముక్కలుగా తప్ప అర్థం కాదు. ఇంకా పెద్ద లోటు, తెల్లవాళ్ళు లేని ఓడ మునిగితే వార్త చిన్నదైపోతుంది. 1887 మేలో సర్ జాన్ లారెన్స్ అనే ఓడ కలకత్తా నుంచి పూరీ యాత్రికుల్ని ఎక్కించుకుని తుపానులో పోయింది, ఏడు వందలకు పైగా మనుషులు, ఎక్కువమంది ఆడవాళ్ళు. టైటానిక్ గురించి పుంఖానుపుంఖాలుగా రాసిన లోకం వీళ్ళ గురించి ఎంత రాసింది? ఇది సైట్ తప్పు కాదు, ఆ కాలం పత్రికల తీరు.

మన తీరం కథలకి మన దగ్గరే తిరగాలి. ట్రోవ్ చదివి చదివి ఒక ఆదివారం బండేసుకుని మోటుపల్లి పోయా, 2022 దాకా మా ప్రకాశం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్ల వాళ్ళది. అక్కడ వీరభద్రస్వామి గుడి దగ్గర కాకతి గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. అంతకు ముందు రాజులు తుపానుకి చెదిరి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవాళ్ళట, నేను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ముట్టను, ప్రాణాలకు తెగించి సముద్రం దాటినవాళ్ళు కదా అని రాయించాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మునిగిన ఓడల గురించి మన రేవులో చట్టం ఉంది! ఎమ్డెన్ ఇనుము సంగతి గుర్తొచ్చి అక్కడే అరుగు మీద చాలాసేపు కూర్చున్నా.

ఇంకో చిట్కా. మన ఊళ్ళ పేర్లు ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే దొరకవు. కాకినాడ అంటే కోకనాడ, విశాఖ అంటే విజగపటం, బందరు అంటే మసూలిపటం, కృష్ణపట్నం అంటే కిస్ట్నపటం. ఇంగ్లీషోళ్ళు ఎట్లా పలికారో అట్లా కొట్టాలి, నాలుగు రకాలుగా కొట్టాలి.

అయిదుకి నాలుగున్నర ఇస్తున్నా. ఆ అర మార్కు తెలుగులో లేనందుకు అనుకోండి, ఆస్ట్రేలియా వాళ్ళని తెలుగు పెట్టమనడం న్యాయం కాదని తెలిసినా ఇవ్వబుద్ధి కాలేదు. ఇప్పుడు 1839 నవంబర్ కోరంగి తుపాను మీద ఉన్నా. 20 వేల పడవలు, 3 లక్షల మంది పోయారని నెట్లో అందరూ ఒకరిది చూసి ఒకరు రాస్తున్నారు, ఆ రేవులో అన్ని పడవలు పట్టేవా అని నా అనుమానం. అప్పట్లో తంతి లేదు, వార్త సిడ్నీకి చేరాలంటే ఓడే మోసుకుపోవాలి, అందుకని 1840 పేపర్లు జనవరి నుంచి ఒక్కోటీ తిప్పుతున్నా. ఏప్రిల్ దాకా వచ్చా.