ఎడ్వర్డ్స్ ప్రసంగమా, బ్రాడ్‌స్ట్రీట్ కవితా: ఎవరి మాట నమ్మిస్తుంది?

ప్యూరిటన్ రాతలు, అంటే అమెరికాలో స్థిరపడిన కఠిన నిష్ఠగల ప్రొటెస్టెంట్ క్రైస్తవుల రాతలు అనగానే చాలామందికి గుర్తొచ్చేది పాదిరి జొనాథన్ ఎడ్వర్డ్స్ చూపించిన నరకమే. 1741 జులై 8న, నేటి కనెక్టికట్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో ‘కోపించిన దేవుని చేతిలో పాపులు’ ప్రసంగం వింటూ జనం పెట్టిన కేకలకి ఆయన ఆపేయాల్సి వచ్చిందని అక్కడే ఉన్న మరో పాదిరి డైరీలో రాసుకున్నాడు. ఒప్పించడానికి అదే కొలమానమైతే పోటీయే లేదు. నా ఓటు మాత్రం అంతకు 75 ఏళ్ల ముందు ఇల్లు కాలిపోయిన కవయిత్రి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్‌కే.

ఎడ్వర్డ్స్ పనితనం తక్కువదేం కాదు. గొంతు పెంచే మనిషి కాదంటారు. బైబిల్లోని ద్వితీయోపదేశకాండంలో ఉన్న ‘వారి కాలు జారుకాలమున’ అన్న మాట పట్టుకుని, మొదట్లో ఎక్కువగా పాపుల గురించి ‘వాళ్లు’ అంటూ చెప్పుకుపోతాడు. వినేవాడు అదంతా పక్కవాడి సంగతేలే అని నిమ్మళంగా కూర్చుంటాడు. చెప్పినదాన్ని వినేవాళ్లకి వర్తింపజేసే అన్వయంలోకి రాగానే ‘మీరు’ మొదలు. ఇక ఊపిరి పీల్చుకోనివ్వడు. నిప్పుల మీద వేలాడే సాలీడు మీరే, ఎక్కుపెట్టిన బాణం మీ గుండెకే. చివర్లో క్రీస్తు కృపాద్వారం తెరిచే ఉంచాడని పిలుస్తాడు కూడా. పాపం, ఆ పిలుపు ఎవరికీ గుర్తుండదు!

ఇల్లు కాలడం మీద రాసిన కవితలో బ్రాడ్‌స్ట్రీట్ దారి వేరు. 1666 జులై 10 రాత్రి, మసాచుసెట్స్‌లోని యాండోవర్‌లో, మంటలంటూ అరుపులు విని లేస్తుంది. కళ్లముందే ఇల్లు కాలుతుంటే, ఇచ్చినవాడే తీసుకున్నాడని, బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబులాగే దేవుణ్ణి స్తుతిస్తుంది. కవిత అక్కడితో ఆగితే అదొక మంచి సాక్ష్యం, అంతే. కానీ ఆ తర్వాత శిథిలాల పక్కనుంచి నడిచినప్పుడల్లా చూపు అటే పోతుంది. ఇక్కడ పెట్టె ఉండేది, అక్కడ బీరువా. ఇక ఈ బల్ల దగ్గర ఏ చుట్టమూ ముద్ద తినడు, పాత ముచ్చట్లు ఎవరూ చెప్పుకోరు. ఉన్నట్టుండి తన మనసుని తానే మందలించుకుని, అంతా వ్యర్థమేనని, తన ధనం పైన ఉందని సర్దిచెప్పుకుంటుంది. నాకైతే ఆ సర్దుబాటు కన్నా పెట్టె మీది బెంగే ముందు గుచ్చుకుంటుంది. అంత బెంగ దాచకుండా చెప్పింది కాబట్టే ఆమె విశ్వాసం నమ్మబుద్ధేస్తుంది.

ఎడ్వర్డ్ టేలర్‌ది ఇంకో రకం. ప్రభూ, నన్ను నీ రాట్నంగా చేసుకో అని వేడుకున్న కవి. ఆయన కవితల్లో చాలావరకు 1930ల దాకా అచ్చే కాలేదు; ఆయన ఒప్పించాల్సిన శ్రోత ఆయనే.

గంటలో గుంపుని కదిలించాలంటే ఎడ్వర్డ్స్‌కి సాటి లేడు. అయితే ఆ కదలికకి చోటూ సమయమూ కూడా కలిసిరావాలి. అదే ప్రసంగం ముందు నార్తాంప్టన్‌లో సొంత సంఘానికి చెప్పినప్పుడు ఇంత అలజడి రేగినట్టు దాఖలా లేదు. ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, ఎవర్ని చేర్చుకోవాలన్న తగవులో ఆ సంఘమే 1750లో ఆయన్ని పదవి నుంచి తీసేసింది.