విండోస్‌లో గ్రెప్, ఫైండ్, సెడ్ కావాలా? నేను వాడి చూసినవి ఇవి

గ్రెప్, ఫైండ్, సెడ్ అంటే లైనక్స్‌లో టైప్ చేసి వాడే కమాండ్లు: గ్రెప్ ఫైళ్ల లోపలి మాటల్ని వెతుకుతుంది, ఫైండ్ ఫైళ్లని వెతుకుతుంది, సెడ్ వాటిలోని మాటల్ని మారుస్తుంది. ముందే చెప్పేస్తాను, గిట్ ఫర్ విండోస్ పెట్టుకోండి. గిట్, అంటే ప్రోగ్రామర్లు కోడ్‌లో మార్పుల్ని దాచుకునే సాధనం, అసలు వాడనివాళ్లకి కూడా ఇదే చెప్తాను. ఇన్‌స్టాల్ అయ్యాక ఆ ఫోల్డర్‌లో యూఎస్‌ఆర్, దాని లోపల బిన్ తెరిచి చూడండి, గ్రెప్, ఫైండ్, ఆక్, సార్ట్, డిఫ్, టార్ అన్నీ అక్కడే ఉంటాయి. ఇంత సరుకు తమ మెషీన్‌లోనే ఉందని తెలియక చాలామంది వేరేవి వెతుక్కుంటూ ఉంటారు.

అలా వెతికితే దొరికేది గ్నూవిన్32, ఇవే టూల్స్‌ని విండోస్ కోసం మార్చి ఇచ్చిన పాత ప్రాజెక్ట్. ఒకప్పుడు చాలా ఉపయోగపడింది, కాదనను, కానీ 2010 ప్రాంతంలోనే దాని పని ఆగిపోయింది. అందులో ఉన్న కోర్‌యుటిల్స్ (సార్ట్, ఆర్ఎమ్ లాంటి ప్రాథమిక కమాండ్ల కట్ట) వెర్షన్ 5.3.0. ఏ ఫోల్డర్ ఎంత చోటు తిన్నదో చెప్పే డీయూ చూపించే కేబీ, ఎంబీ, జీబీలని సరిగ్గా పోల్చి వరసపెట్టే సార్ట్ ఆప్షన్ 7.5లో గానీ రాలేదు, డిస్క్ నిండినప్పుడు నాకు మొదట కావాల్సింది అదే. ఇంకా పెద్ద ఇబ్బంది మన భాషది. గ్నూవిన్32 పాత ఏఎన్‌ఎస్‌ఐ కోడ్‌పేజీల (ఒక్కో భాషకి విడివిడిగా ఉండే పాత అక్షరాల పట్టికలు) మీద నడుస్తుంది, తెలుగుకి విండోస్‌లో అలాంటి కోడ్‌పేజీ లేదు, కాబట్టి ఫైల్ పేరు తెలుగులో ఉంటే వరసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి, ఆ ఫైల్‌ని అది తెరవలేకపోతుంది, కాపీ చేయలేకపోతుంది. నా దగ్గర పాత పత్రికల స్కాన్లన్నీ తెలుగు పేర్లతోనే ఉన్నాయి, అందుకే ఇది నాకు చిన్న విషయం కాదు. లైనక్స్ టూల్స్‌ని విండోస్‌లో నడిపించే సిగ్‌విన్ 2009లో 1.7 వెర్షన్‌తో యూటీఎఫ్-8కి, అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతికి మారింది, గిట్‌తో వచ్చే టూల్స్ దాని వారసత్వమే కాబట్టి వాటిలో ఈ బాధ లేదు.

ఇక జాగ్రత్తలు. విండోస్‌కి తనదే ఒక ఫైండ్ ఉంది, అది ఫైళ్లని కాదు, ఫైల్ లోపలి మాటల్ని వెతుకుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైండ్ అని కొడితే వచ్చేది అదే, పైగా కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాల్లో (పాత్) విండోస్ యూజర్ పాత్ కన్నా సిస్టమ్ పాత్‌నే ముందు చూస్తుంది కాబట్టి మన ఫోల్డర్‌ని యూజర్ పాత్‌లో చేర్చినా మారదు. అందుకని గిట్‌తో పాటే వచ్చే కమాండ్ విండో గిట్ బాష్ తెరిచి అక్కడే పని చేసుకోవడం హాయి. ఫైల్‌ని తీసేసే ఆర్ఎమ్ కొడితే అది రీసైకిల్ బిన్‌కి వెళ్లదు, పోయిందంటే పోయినట్టే, ఈ ఒక్కటీ మాత్రం మర్చిపోకండి.

స్పీడ్ దగ్గర లైనక్స్‌తో పోల్చుకోవద్దు. లైనక్స్‌లో కొత్త ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఫోర్క్ అనే పద్ధతి విండోస్‌లో లేదు, దాన్ని అనుకరించాల్సి వస్తుంది, వేల ఫైళ్లున్నప్పుడు ఒక్కో ఫైల్‌కి ఒకసారి సెడ్‌ని పిలిచే లూప్ రాస్తే చూస్తూ కూర్చోవాల్సిందే. ఫైళ్ల పేర్లన్నీ కలిపి కమాండ్‌కి అందించే ఎక్స్‌ఆర్గ్స్‌తో గుంపుగా ఇచ్చేయండి, తేడా మీకే తెలుస్తుంది.

ఆఫీస్ లాప్‌టాప్‌లో అడ్మిన్ రైట్స్ లేనివాళ్లకి బిజీబాక్స్ విండోస్ పోర్ట్ నిజంగా వరమే. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, ఒక్క ఈఎక్స్ఈ ఫైల్, అందులోనే షెల్ (కమాండ్లు టైప్ చేసే చోటు), గ్రెప్, ఆక్ అన్నీ. పెర్ల్ భాష తరహా రెజెక్స్ (మాటల నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) దాని గ్రెప్‌లో ఉండదు, నాకది అప్పుడప్పుడు లోటుగా ఉంటుంది. తెలుగు పేర్లున్న ఫైళ్లుంటే మాత్రం మామూలుది కాదు, చివర్లో యూ అక్షరం ఉన్న యూనికోడ్ బిల్డ్ తీసుకోండి, దానికి విండోస్ 10లో కొత్త వెర్షన్లు గానీ 11 గానీ ఉండాలి.