నాలుగేళ్లుగా ఫైటర్ ఫిష్ గుడ్లకి బాదం ఆకు వాడుతున్నా, నా అనుభవం

ముందే చెప్తున్నా, ఇది ప్యాకెట్లో వచ్చే ఆకుల గురించి కాదు, మన వీధుల్లో నాటు బాదం చెట్టు కింద ఎర్రగా రాలి పడే ఆకుల గురించి. మొదట్లో నేనూ షాపులో పది ఆకులు డబ్బులు పెట్టి కొన్నా, వారం తర్వాత మా సందు చివర అవే ఆకులు ఊడ్చి తగలబెడుతుంటే చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

సెటప్ పెద్దదేం కాదు, 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్, ఐదంగుళాల నీళ్లు, హీటర్ 28 డిగ్రీల దగ్గర, ఒక ఎండుటాకు. జోడీని వదిలే రెండ్రోజుల ముందే ఆకు కడిగి వేస్తా, నీళ్లు పల్చటి టీ రంగుకొస్తే చాలు. మగది చాలాసార్లు ఆ ఆకు కిందే నురుగు గూడు కట్టేస్తుంది. గుడ్లు ఒకటి ఒకటిన్నర రోజులో పొదుగుతాయి, పిల్లలు ఇంకో రెండు మూడు రోజులు తోక కిందకి వేలాడేసి గూడుకే అతుక్కుని ఉంటాయి, ఆ తర్వాతే అడ్డంగా ఈదడం. ఆకు అసలు పనంతా ఈ నాలుగైదు రోజుల్లోనే.

ఆకు వేయని రోజుల్లో తెల్లబడ్డ గుడ్లకి దూదిలా బూజు పట్టి పక్క మంచి గుడ్లకి కూడా పాకేది, ఆకు మొదలెట్టాక అది బాగా తగ్గింది. కానీ మగది గుడ్లు తినేస్తుంటే దాన్ని తీసేసి విడిగా పొదిగించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆకు ఒక్కటే నమ్ముకోను, బూజు పట్టకుండా వేసే నీలం మందు, మిథిలీన్ బ్లూ చుక్కే నయం.

మోతాదు దగ్గర నేను గట్టిగా దెబ్బ తిన్నా. ఆకులోంచి నీళ్లలోకి దిగేది టానిన్, అంటే ఇంకేం కాదు, వగరు. పచ్చి అరటికాయ కొరికితే నోరు బిగుసుకుపోతుంది కదా, ఉమ్మిలో ఉన్న ప్రోటీన్లని పట్టేసుకోవడం వల్లే అది. గుడ్డు పైపొరలో ఉండేదీ ప్రోటీనే మరి. హ్యాచరీల్లో బంగారు తీగ చేప (కామన్ కార్ప్) గుడ్లు ఒకదానికొకటి అతుక్కోకుండా టానిక్ యాసిడ్ (ఇదీ ఒక రకం టానినే) నీళ్లతో కొద్దిసేపే కడిగి తీసేస్తారు, ఎక్కువసేపు ఉంచితే పొర గట్టిపడి పిల్ల బయటకి రాలేదు. ఇది తెలీక రెండో ఏడు నేను ఆరాకులు మరిగించి డికాషన్ లాగా టబ్బులో పోసేశా. రెండోరోజుకి గుడ్లలో నల్లటి కళ్లు కనిపిస్తున్నాయి, లోపల కదులుతున్నాయి కూడా, మూడోరోజుకీ సగం బయటకి రాలేదు, అలాగే పోయాయి. చిక్కటి నీళ్లే కారణమా ఇంకేమైనా ఉందా నేను తేల్చలేను కానీ మళ్లీ ఆ పని చేయలేదు.

ఇంకోటి, రంగు మారింది కదా పీహెచ్ పడిపోయిందని, అంటే నీళ్లు ఆమ్లంగా మారాయని అనుకోకండి. మాది హైదరాబాద్ బోరు నీళ్లు, బాగా హార్డ్, గోధుమ రంగుకి తిరిగినా టెస్ట్ కిట్‌లో 7.8 నుంచి కదల్లేదు. సగం ఆర్వో నీళ్లు కలిపాకే కొంచెం కిందకి దిగింది. అయినా బూజు తగ్గడం రెండిట్లోనూ చూశా, అంటే నా లెక్కలో పని చేసేది పీహెచ్ కాదు, ఆ వగరే.

పిల్లలు ఈదడం మొదలెట్టాక ఆకు వల్ల లాభం తక్కువే. కుళ్లే ఆకు మీద పుట్టే సూక్ష్మజీవుల్ని పొడుచుకు తింటాయి, నిజమే, కానీ వందల పిల్లలకి అదేం సరిపోతుంది, మైక్రోవర్మ్స్ (సన్నటి పురుగులు), అప్పుడే పొదిగిన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్యలాంటివి) మేతగా లేకపోతే వారంలో టబ్ ఖాళీ. పచ్చాకు అస్సలు వేయొద్దు, ఒకసారి తొందరపడి వేస్తే నీళ్లు పాలలా అయి పొద్దున్నకి పిల్లలన్నీ అడుగున ఉన్నాయి. మందు కొట్టే తోటల్లోవి, డ్రైనేజీ పక్కనవి కూడా ఏరకండి.

గుడ్ల దశకి 5కి 4 ఇస్తా, ఈదే పిల్లలకి 2. ఊడ్చే అక్క ఇప్పుడు తగలబెట్టకుండా ఎర్రవి ఏరి నాకోసం సంచిలో పక్కన పెడుతోంది, చలికాలం చివర్లో ఒక్క సంచి తెచ్చుకుంటే ఏడాదంతా వస్తుంది.